పక్కోళ్ల తోట బాగుంటేనే మన తోట



పై వీడియోలో ఐదుగురం ఒకే మిర్చి తోటలో తిరుగుతున్నాం, చూశారు కదా. ఒకరు ఆకు తిప్పి చూస్తున్నారు. ఒకరు గెట్టు వెంట ఖాళీ మందు డబ్బాలు ఏమన్నా పడి ఉన్నాయా అని వెతుకుతున్నారు. ఇంకొకరు నా నోట్‌బుక్‌లో తేదీలు చదువుతున్నారు. ఆ తోట నాది. తనిఖీకి వచ్చింది ఆఫీసర్లు కాదు, మా ఊరి రైతులే. అందులో తలకు తువ్వాల చుట్టుకున్న పెద్దమనిషిని నేను కాకా అని పిలుస్తాను. ఆయనతో నేను ఏడాదిన్నర మాట్లాడలేదు. ఇప్పుడు ఆయన సంతకం పెడితే తప్ప నా కారం ప్యాకెట్ మీద ముద్ర పడదు.

ప్రకృతి వ్యవసాయం గురించి ఇక్కడ చాలా రాశాను. ద్రావణాలు, కషాయాలు, మల్చింగ్ అన్నీ చెప్పాను. కానీ అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన సంగతి ఒకటి వదిలేశాను. అది నాకే ఆలస్యంగా అర్థమైంది. ఈసారి అదే రాస్తున్నాను.

"నా భూమి నా ఇష్టం" అనుకున్న రోజులు

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేశాను. మాది నర్సంపేట వైపు ఊరు. కొన్నాళ్లు బయట ఉద్యోగం చేసి 2019లో ఊరికి తిరిగొచ్చి, మాకున్న భూమిలో రెండెకరాలు మిర్చి వేశాను. చదువుకున్న పొగరు కొంచెం ఉండేది. ఎవరేం మందు కొట్టుకుంటే నాకేంది, నా భూమిలో నేను చేసుకుంటా అనుకున్నాను. "బయట నుంచి ఏమీ కొనని సాగు" అని నా మొదటి వీడియోల్లో గొప్పగా చెప్పింది మీలో పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

కొనలేదన్నది నిజమే. కానీ ఒకసారి లెక్క చూడండి. ఎకరానికి జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గెట్టు మట్టి. నాకు ఆవు లేదు. పేడ, మూత్రం మా వాడకట్టులో ఒక పెద్దమ్మ దగ్గరివి. ఆమెకు రెండు నాటావులున్నాయి. పొద్దున్నే మూత్రం పట్టి డబ్బాలో పోసి ఉంచేది ఆమే. వేపగింజల కషాయానికి వంద లీటర్లకు ఐదు కిలోల గింజల పొడి కావాలి. ఎండాకాలం చివర్లో చెట్ల కింద ఆ పండ్లు ఏరింది ముగ్గురు ముసలమ్మలు. దుక్కి ముందు చేనులో మంద పెట్టించాను. గొర్లకాపరులు నాలుగు రాత్రులు అక్కడే పడుకున్నారు. కాయ ఏరడానికి కూలీ అక్కలు వచ్చారు. ఒక్కణ్నే చేశానని నేను వీడియోలో చెప్పుకున్న పంట వెనక పదిహేను మంది ఉన్నారు. ఒక్కరి ముఖం కూడా అప్పట్లో నేను చూపించలేదు.

గెట్టు మీద గొడవ

2021-22 మిర్చి రైతులకు గుర్తుండే సీజన్. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల్లో నల్ల తామర పురుగు తోటల్ని ఊడ్చేసింది. అది ముందు పూతలో చేరుతుంది. పూత రాలిపోతుంది, కాయ నిలవదు. పిల్ల పురుగులు కొంత కాలం మట్టిలో ఉంటాయి కాబట్టి పైన ఎంత మందు కొట్టినా మళ్లీ వస్తాయి. విచ్చలవిడిగా కొడితే మిత్రపురుగులు చచ్చి ఇంకా పెరుగుతాయి.

నేను ఎకరానికి ముప్పై దాకా నీలి రంగు జిగురు అట్టలు కట్టి, కషాయాలు కొట్టాను. గెట్టు అవతల కాకా మూడు రోజులకోసారి తైవాన్ పంపు ఎత్తుకునేవాడు. ఒకరోజు గాలి నా వైపు ఉంది. మందు వాసన నా తోట నడుమ దాకా వచ్చింది. నేను గెట్టు మీదికి పోయి అరిచాను.

"కాకా, నీ మందంతా నా తోటల పడుతున్నది. మూడేండ్ల నుంచి నేను చేసిందంతా ఖరాబైతది!"

ఆయన పంపు దించలేదు. "నువ్వు మందు కొట్టక పురుగును పెంచుతున్నవ్. అది నీ కాడ పెరిగి నా మీదికొస్తున్నది. ముందు నీది చూసుకో" అన్నాడు.

తర్వాత ఇద్దరం అనకూడని మాటలు అనుకున్నాం. అవి ఇక్కడ రాయను. ఆ సీజన్లో నా రెండెకరాల మీద పెట్టుబడి కూడా రాలేదు. కాకాది అంతకన్నా ఘోరం. మేం మాట్లాడుకోవడం మానేశాం.

ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. ఆయన మందు గాలికి నా వైపు వచ్చిన మాట నిజం. పురుగుకు పట్టాదారు పాస్‌బుక్కు లేదు, గెట్టు తెలియదు, అదీ నిజమే. మేం చేయనిది ఒక్కటే. పురుగు మా ఇద్దరిదీ అని ఒప్పుకోలేదు.

ఐదుగురిని తీసుకురా

2023లో హనుమకొండలో సేంద్రియ సరుకులు అమ్మే ఒకాయన నా కారం రుచి చూసి పెద్ద ఆర్డర్ ఇస్తానన్నాడు. ఒక్కటే అడిగాడు. "సర్టిఫికెట్ ఉందా?" నా దగ్గర వీడియోలున్నాయి, మాటలున్నాయి, కాగితం లేదు. ఆర్డర్ పోయింది.

ఒక్క రైతు సొంతంగా సంస్థల చేత తనిఖీ చేయించుకుంటే ఖర్చు మాబోటి చిన్నవాళ్లు మోయలేరు. ఇంకో దారి పీజీఎస్. కేంద్ర వ్యవసాయ శాఖ నడిపే పద్ధతి అది. అందులో రైతులే గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేస్తారు. ముందు మారుతున్న దశకు పీజీఎస్ గ్రీన్ ముద్ర, పూర్తిగా మారాక పీజీఎస్ ఆర్గానిక్ ముద్ర. ఫీజు భారం లేదు. కానీ షరతు ఉంది. గ్రూపులో కనీసం ఐదుగురు రైతులుండాలి, దగ్గర దగ్గరి వాళ్లై ఉండాలి.

డబ్బులు అడిగితే ఎక్కడన్నా తెచ్చేవాణ్ని. మనుషుల్ని అడిగారు. ఊళ్లో నాకు అడగగలిగిన రైతులు ఇద్దరే కనిపించారు. పైగా నా తోటకు మూడు వైపులా ఉన్న గెట్టు కాకాది. ఆయన మందు మానకపోతే నాకు ముద్ర వచ్చినా అది ఉత్త ముద్రే.

ఏనెబావిలో నేర్చుకున్నది

ఆ టైంలోనే జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనెబావికి పోయి వచ్చాను. పాత వరంగల్ జిల్లా ఊరే. అటూ ఇటూ యాభై ఇళ్లు. 2006 ప్రాంతంలో ఊరు ఊరంతా రసాయన ఎరువులు, పురుగు మందులు వద్దనుకుని పేరు తెచ్చుకుంది. దేశమంతటి నుంచి జనం చూడటానికి వస్తుంటారు. వాళ్లకు క్రాప్స్ అనే స్వచ్ఛంద సంస్థ, సుస్థిర వ్యవసాయ కేంద్రం తోడు నిలిచాయి.

అక్కడ మార్పు ఎరువుతో మొదలవలేదు, పురుగుతో మొదలైంది. చెలక భూముల్లో ఆముదానికి, పల్లికి వచ్చే ఎర్ర గొంగళి పురుగు. తొలకరి పడగానే మట్టిలోంచి రెక్కల పురుగులు లేస్తాయి. వెలుతురు ఎక్కడుంటే అక్కడికి వస్తాయి. చేనుల్లో రాత్రి మంటలు వేస్తే వచ్చి చస్తాయి. గుడ్లు పెట్టేలోపే చంపాలి. పొదిగితే పిల్ల పురుగులు దండు కట్టి ఒక చేను తిని ఇంకో చేనులోకి నడుస్తాయి. అప్పుడు చేను చుట్టూ కందకం తీసి, జిల్లేడు ఆకు ఎర వేసి పట్టాలి.

ఇప్పుడు ఆలోచించండి. ఇరవై మంది మంట వేసి ఒక్కడు వేయలేదనుకోండి. ఆ ఒక్కడి చేనులో పెరిగిన దండు ఇరవై చేనుల్లోకి వస్తుంది. ఆ ఒక్కడు బద్ధకస్తుడు కాకపోవచ్చు. జ్వరమొచ్చి పడుకుని ఉండొచ్చు, కట్టెలు లేకపోవచ్చు. అలాంటప్పుడు అతని చేనులో మంట వేయడం మిగతావాళ్లు చేసే సాయం కాదు, వాళ్ల సొంత పనే. ఎవరికి వాళ్లుగా చంపలేని పురుగు వాళ్లకు కలిసి పనిచేయడం అలవాటు చేసింది. ఆ అలవాటు మీదే మిగతాదంతా నిలబడింది. నేను దాన్ని తలకిందులుగా చేశాను. ముందు ద్రావణం కలిపి, తర్వాత మనుషుల్ని వెతుక్కున్నాను.

ఆంధ్రప్రదేశ్‌లోనూ రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని మహిళా సంఘాల ద్వారా ఊళ్లలోకి తీసుకుపోయింది. అందులోనూ కిటుకు ఇదే. రైతుకు నేర్పడం ఒక ఎత్తు, ఆ రైతు వెనక పదిమంది ఉండడం ఒక ఎత్తు.

కాకా ఇంటి ముందు

తిరిగొచ్చి రెండు రోజులు ఆగి కాకా ఇంటికి పోయాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. చిన్నమ్మ చాయ్ తెచ్చింది. నేను తప్పు నాదేనని చెప్పి, గ్రూపు సంగతి మొదలుపెట్టాను.

చాలాసేపు విని ఆయన ఒక్క మాట అన్నాడు. "నాకు మందు కొట్టాలని సరదానా బిడ్డా? విత్తనం, ఎరువు, మందు అన్నీ ఉద్దెరే. కాయ కూడా ఆయనకే పోయాలె. మందు తేనంటే వచ్చే సీజన్ విత్తనం ఇయ్యడు."

అప్పుడు తెలిసింది, ఆ ముక్కలో సగం ఆయన సొంతం కాదు, కౌలు. నా పంట పోతే పోయింది పంట ఒక్కటే. ఆయనకు పంటతో పాటు కౌలు, వడ్డీ, వచ్చే ఏడాది విత్తనం అన్నీ పోతాయి. గెట్టు అవతలి నుంచి చూసినప్పుడు నాకు మూర్ఖత్వంలా కనిపించింది, దగ్గర కూర్చుంటే మెడకు పడ్డ ఉచ్చులా కనిపించింది.

మన జిల్లాకు ఇది కొత్త కాదు. 1997-98లో పత్తికి లద్దె పురుగు పడ్డప్పుడు వరంగల్ జిల్లాలో ఎంతమంది రైతులు ప్రాణాలు తీసుకున్నారో పెద్దవాళ్లకు తెలుసు. ఆ రోజుల్లో కూడా రైతు ఒంటరివాడు. సలహా ఇచ్చేది, అప్పు ఇచ్చేది, పంట కొనేది చాలా చోట్ల ఒకే మనిషి. అతని మీద వందమంది ఆధారపడ్డారు. ఆ వందమందికి ఒకరితో ఒకరికి లెక్కలు లేవు.

ఆధారపడకుండా ఎవరూ సాగు చేయలేరు. నేనూ అంతే, మీరూ అంతే. చూసుకోవాల్సింది ఎవరి మీద ఆధారపడుతున్నాం, వాళ్లకు కూడా మన అవసరం ఉందా లేదా అన్నది.

కాకాతో ఒప్పందం ఇలా కుదిరింది. ముందు నా గెట్టు పక్క అర ఎకరమే. విత్తనం నేను కట్టిన నారులోంచి ఇస్తాను. కషాయాలు ఇద్దరికీ కలిపి చేస్తాం. వేపగింజలు చిన్నమ్మ ఏరిస్తుంది, దానికి డబ్బులిస్తాను. ఆ అర ఎకరం కాయ నేను కల్లంలోనే కొంటాను, ధర ఎనుమాముల మార్కెట్‌లో ఆ రోజు పలికిన దానికి తగ్గకుండా. గెట్టు మీద ఇద్దరం కలిసి నాలుగు సాళ్లు జొన్న వేశాం. గాలికి వచ్చే మందుకు, ఎగిరొచ్చే పురుగుకు అది కొంత అడ్డు. ఆవుల పెద్దమ్మ కొడుకు నాలుగో మనిషి, ఇంకో ఇద్దరు నా పాత పరిచయస్తులు. ఐదుగురమయ్యాం.

నా గెట్టు మీద ఎర్రబడ్డ గడ్డి

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ చెప్పాల్సింది ఇంకోటి ఉంది. అందులో తప్పు నాదే.

రెండో ఏడాది సరుకు అమ్మకానికి నేను వారం రోజులు హైదరాబాద్‌లో ఉన్నాను. గెట్టు శుభ్రం చేయమని ఒకతనికి చెప్పి పోయాను. ఎలా చేయాలో చెప్పలేదు. అతను గడ్డి మందు కొట్టాడు. నేను వచ్చేసరికి గెట్టు గడ్డి ఎర్రగా మాడి ఉంది. తనిఖీ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది.

కాకా దగ్గరికి పోయి, "తోటలో పడలేదు కదా, ఈ ఒక్కసారికి చూసీ చూడనట్టు పోదాం" అన్నాను. సర్టిఫికెట్లు, నమ్మకం అని ఉపన్యాసాలిచ్చే నేనే అన్నాను.

ఆయన ఒప్పుకోలేదు. "నీ గెట్టు మీద గడ్డి మాడితే కింద నా సంతకం కూడ మాడినట్టే. నువ్వు చదువుకున్నోనివి, ఇంకో పని చేసుకుంటవ్. నాకు ఇదొక్కటే మిగిలింది" అన్నాడు.

గ్రూపు కూర్చుంది. గెట్టు పక్క అర ఎకరం కాయను ముద్ర లేకుండా మామూలు సరుకుగా అమ్మాలని రిజిస్టర్లో రాశారు. నేనూ సంతకం పెట్టాను. డబ్బు నష్టం జరిగింది, సిగ్గూ అయింది. కానీ ఆ సంగతి హనుమకొండ ఆయనకు ఫోన్లో చెబితే, ఒక్క క్షణం ఆగి, "ఇలాంటి గ్రూపు దగ్గర నేను నిశ్చింతగా కొంటాను" అన్నాడు. నా ఒక్కడి మాట మీద రాని ఆర్డర్, నన్ను ఆపిన మనుషుల వల్ల వచ్చింది.

కలిసి ఉండటం వేరు, అణిగి ఉండటం వేరు

"ఊరంతా కలిసి" అనగానే అంతా మంచే అనుకోకండి. పాత రోజుల్లో కూడా ఊరు ఒకరి మీద ఒకరు ఆధారపడే నడిచింది. చెరువు నీళ్లు వదిలే నీరటి, నాగలి చెక్కే వడ్రంగి, కుండలు చేసే కుమ్మరి, వీళ్లందరికీ పంటలో వాటా ఉండేది. అదే ఊళ్లో వెట్టి కూడా ఉండేది. పని చేయనని చెప్పే హక్కు లేనివాడు ఊరి మీద ఆధారపడినట్టు కాదు, ఊరికి కట్టేసినట్టు.

దానికి జవాబు కూడా మన నేల మీదే ఉంది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పండించిన పంటను దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవాలని చూస్తే, ఆమె ఎదురు నిలబడింది. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు ఆ పంటకు కాపలాగా నిలిచారు, పంట ఇంటికి చేరింది. సంఘం లేకపోతే ఆమె పంట దక్కేది కాదు. ఆమె నిలబడకపోతే 1940ల్లో ఆ చుట్టుపక్కల సంఘానికి అంత ధైర్యం వచ్చేది కాదు. మనిషికి సంఘం ఎంత అవసరమో, సంఘానికి ఎదురు నిలిచే మనిషి అంతే అవసరం.

అందుకే మా గ్రూపులో ఒక నియమం పెట్టుకున్నాం. చిన్న కమతం, కౌలు రైతు ముందు మాట్లాడాలి, నాలాంటివాళ్లు చివర్లో. కాయ ఏరే అక్కలు గ్రూపు సభ్యులు కాకపోయినా మీటింగుకు వస్తారు. ఎవరి తోటలో ఏం కొట్టారో మా నోట్‌బుక్ కన్నా వాళ్ల చేతులకే ముందు తెలుస్తుంది.

ఒక్కడికి దక్కని పేరు

మన వరంగల్ చపాట మిర్చి, అదే టమాట మిర్చి, 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకుంది. దరఖాస్తులో తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ ఉంది, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం తోడుంది. ఆ గుర్తింపును ఏ ఒక్క రైతూ తన సొంత పేరు మీద తెచ్చుకోలేడు. చట్టమే అలా ఉంది. ఆ పేరు ఆ నేలలో పండించే వాళ్లందరిదీ. ఒకరు కల్తీ చేస్తే అందరి పేరూ పోతుంది.

భీమదేవరపల్లి మండలం ముల్కనూరు చూడండి. 1956లో మొదలైన సహకార సంఘం ఇప్పటికీ నడుస్తోంది. అప్పు ఇచ్చేది, పంట కొనేది అక్కడ కూడా ఒకటే, కానీ దాని యజమానులు రైతులే. తేడా అంతా అక్కడే ఉంది. అదే ఊళ్లో మహిళలు స్వకృషి పేరుతో సొంత డెయిరీ నడుపుతున్నారు.

మీ ఊళ్లో మొదలుపెట్టాలంటే

1. ముందు మీ నాలుగు గెట్ల రైతుల దగ్గరికి పోండి. వాళ్లు ఏం కొడుతున్నారని కాదు, ఎందుకు కొడుతున్నారని అడగండి. అప్పు, కౌలు సంగతి తెలియకుండా సలహా ఇవ్వకండి.

2. అందరికీ నష్టం చేసే ఒక్క పురుగుతో మొదలుపెట్టండి. పత్తి వాళ్లకైతే గులాబీ పురుగు. లింగాకర్షక బుట్టలు అందరూ ఒకే వారం పెట్టాలి. పంట జనవరి దాకా సాగదీయకుండా ముగించి పత్తి కట్టె తీసేయాలి. ఒక్క చేనులో కట్టె నిలబడినా పురుగు వచ్చే ఏడాదికి అక్కడే దాక్కుంటుంది.

3. ఎకరం, అర ఎకరంతో రమ్మనండి. అంతా ఒకేసారి మార్చమంటే కౌలు రైతు రాలేడు.

4. తప్పు జరిగితే ఏం చేయాలో ముందే రాసుకోండి. తప్పు జరిగాక రాస్తే చుట్టరికాలు అడ్డొస్తాయి.

5. ఆ రాసింది మొదట మీ మీదే అమలైతే సిగ్గుపడకండి. నాకైతే గ్రూపు మీద నమ్మకం అప్పుడే వచ్చింది.

ఈ సీజన్లో కాకా ఎకరంన్నర మా పద్ధతిలోకి తెచ్చాడు. మిగతాదాంట్లో మందు ఇంకా కొడుతూనే ఉన్నాడు, ఉద్దెర ఇంకా తీరలేదు. కానీ పంపు ఎత్తుకునే ముందు ఇప్పుడు ఫోన్ చేస్తాడు. "గాలి ఎటున్నది బిడ్డా?" అని అడుగుతాడు. నేను తోటలోకి పోయి, పిడికెడు దుమ్ము పైకెగరేసి చూసి చెబుతాను. నా వైపు ఉంటే ఆ రోజు ఆగుతాడు.

వచ్చే వారం వీడియోలో చిన్నమ్మ వేపగింజలు ఎండబెట్టి నిల్వ చేసే పద్ధతి తనే చూపిస్తుంది. ఈసారి ముఖాలు, పేర్లు అన్నీ కనిపిస్తాయి. ఉంటాను మరి.